రెండో అప్పీలూ కొట్టేశారు, ఆ కాగితం మా ఆయన దాచేశారు

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి నుంచి ఒక గృహిణి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఊరు వేసుకోండి, పేరు మాత్రం వద్దన్నారు. ఆవిడ కష్టం క్లుప్తంగా ఇదీ.

భర్త 1996లో ఆర్టిలరీలో, అంటే ఆర్మీ ఫిరంగి దళంలో చేరారు. 24 ఏళ్లు చేసి 2020లో హవల్దారుగా పెన్షన్ మీద ఇంటికొచ్చారు. అప్పటికే రెండు చెవులూ మందగించాయి. కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసినా తెలియదు. బరంపురంలో చదువుతున్న కూతురు ఫోనులో "నాన్నా, ఫీజు కట్టాలి" అంటే "ఆఁ, తిన్నానమ్మా" అంటారు. రిటైరయ్యే ముందు మెడికల్ బోర్డు ఈ చెవుడు 20 శాతం, జీవితాంతం ఉంటుంది అని తేల్చింది. అయితే అది సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు అని కూడా రాసింది. మామూలు పెన్షన్ వచ్చింది గానీ వైకల్యానికి ఇచ్చే భాగం రాలేదు. మొదటి అప్పీలు 2021లో కొట్టేశారు. రెండోది ఇంకా నడుస్తోందనే ఈవిడ నమ్మకం. అడిగినప్పుడల్లా "ఆర్మీ పని, టైం పడుతుంది" అనేవారట.

ఈ సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే, తెల్ల రంగుతో నంబరు రాసిన ఆయన నల్ల ట్రంకుపెట్టె అడుగున, పాత ఉన్ని జెర్సీ మడతలో ఒక కవరు దొరికింది. రెండో అప్పీలు కూడా తిరస్కరించినట్టు ఉత్తరం. తేదీ 2022 ఆగస్టు. అడిగితే ఆయన అరిచారు. "కాళ్లూ చేతులూ పోయినోళ్లకిచ్చే డబ్బు అది. నేను కుంటోణ్నా, గుడ్డోణ్నా? అన్నం పెట్టిన ఆర్మీ మీద కేసెయ్యమంటావా?" ఆ రోజు నుంచి ఇంట్లో సరిగా మాటల్లేవు.

ఆడపడుచు భర్త విశాఖలో ఒక ఏజెంటును చూపించాడు. అతను "మీ పుట్టిల్లు ఆంధ్రాలో పాతపట్నం కదా, ఆ అడ్రసు పెడితే చెన్నైలో కేసు వేయిస్తాను. వచ్చిన బకాయిలో 30 శాతం నాది, బాండు పేపరు మీద రాసివ్వండి. పెన్షన్ పోర్టల్ స్పర్శ్ పాస్‌వర్డు కూడా కావాలి" అన్నాడు. భర్త సంతకం పెట్టరేమో అంటే "మీరే పెట్టేయండి, ఎవరు చూస్తారు" అన్నాడట. ఆవిడ అడుగుతున్నవి మూడు: ఆయనకు తెలియకుండా కేసు వేయవచ్చా? టైం దాటిపోయిందా? ఓడిపోతే ఉన్న పెన్షన్ కూడా ఆపేస్తారా?

అమ్మా,

చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తాను, కనీసం రాత్రి నిద్రపడుతుంది. కేసు ఓడినా ఇప్పుడు వస్తున్న పెన్షన్ ఎక్కడికీ పోదు. అది 24 ఏళ్ల నౌకరీకి వచ్చేది. మీరు అడగాలనుకునేది దాని మీద అదనంగా రావలసిన వైకల్య భాగం. అది వస్తుంది, లేదా రాదు. మొదటిది మాత్రం కదలదు.

ఆయనకు తెలియకుండా కేసు వేయవచ్చా అన్నదానికి జవాబు ఇంకా చిన్నది: వద్దు. అర్జీదారు ఆయనే, ప్రమాణ పత్రం మీద సంతకం ఆయనదే ఉండాలి. ఆ సంతకం మీరు పెడితే అది ఫోర్జరీ. గెలిచే కేసు కూడా అక్కడే చస్తుంది, పైగా మీరు కొత్త కేసులో ఇరుక్కుంటారు. ఆ సలహా ఇచ్చినవాడి దగ్గరికి మళ్లీ వెళ్లకండి.

టైం సంగతి కాస్త పెద్ద కథ. దానికంటే ముందు ఆ ట్రంకుపెట్టెలో కాగితం గురించి మాట్లాడాలి.

నేను ఆర్మీలో క్లర్కుగా చేశాను. ఇలాంటి తిరస్కరణ ఉత్తరాలు ఈ చేత్తో ఎన్ని టైపు చేశానో లెక్కలేదు. నంబరు, ర్యాంకు, పేరు, జబ్బు పేరు మార్చేవాళ్లం. కింద పేరా అదే ఉండేది. ఒకసారి ముందు మనిషి నడుం నొప్పి తర్వాతి మనిషి ఉత్తరంలో అలాగే ఉండిపోయింది. ఆఫీసరు సంతకం కూడా అయిపోయింది, చివరికి డిస్పాచ్‌లో కుర్రాడు పట్టుకున్నాడు. ఇది చెప్పడానికి నాకేం గొప్పగా లేదు. కానీ ఆ ఉత్తరం అందుకున్న మనిషికి అది తన సర్వీసు మొత్తం మీద ఎవరో కూర్చుని ఇచ్చిన తీర్పులా కనిపిస్తుంది. మీవారికీ అలాగే కనిపించి ఉంటుంది, లేకపోతే జెర్సీ మడతలో పెట్టి దాచరు.

ఫౌజీలు ఆ మాటకి 'నానా' అని పేరు పెట్టుకున్నారు. 'నైదర్ అట్రిబ్యూటబుల్ నార్ అగ్రవేటెడ్' అన్న ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చింది. తెలుగువాళ్లం కాబట్టి మనకి అది నానా మాటలు అన్నట్టే వినిపిస్తుంది.

మీరు ఆ ఉత్తరంలోంచి ఒక పేరా దించి పంపారు, మంచి పని చేశారు. అందులో ఉన్నది ఇంతే: జబ్బు పీస్ స్టేషన్‌లో (సరిహద్దు డ్యూటీ లేని ప్రశాంతమైన చోట) ఉండగా మొదలైంది, ఫీల్డు సర్వీసు ఒత్తిడితో సంబంధం లేదు, కాబట్టి నానా. నేను టైపు చేసిన పేరా అదే. గుండెజబ్బుకీ అదే, షుగరుకీ అదే. ఇప్పుడు ఫిరంగి దగ్గర నిలబడిన మనిషి చెవులకీ అదే. బోఫోర్స్ గన్ మీద పనిచేశారని రాశారు కదా. 155 మిల్లీమీటర్ల గన్. హవల్దారు అంటే డిటాచ్‌మెంట్ కమాండరు, ఆ గన్ జట్టుకి పెద్ద, గన్ పక్కనే ఉంటాడు. పీస్ స్టేషన్‌లో ఉన్న రెజిమెంటు కూడా ఫైరింగ్ ప్రాక్టీసుకి రేంజికి వెళ్తుంది. ఫిరంగి పీస్ స్టేషన్‌లో మెల్లగా పేలదు కదమ్మా. ఆ పేరాలో గన్ గురించి ఒక్క ముక్క లేదు. మీ కేసులో బలమంతా ఆ లేని ముక్కలోనే ఉంది.

కోర్టులు చూసేది కూడా సరిగ్గా ఇదే. 2013 జూలైలో సుప్రీంకోర్టు ధరమ్‌వీర్ సింగ్ కేసులో తీర్పు ఇచ్చింది. ఆయన సిగ్నల్స్‌లో సిపాయి. 1985లో చేరాడు, 1994లో మూర్ఛ జబ్బు అని ఇంటికి పంపేశారు. 20 శాతం, నానా. అంకె కూడా మీవారిదే. చేరిన రోజు కాగితాల్లో ఆ జబ్బు రాసి లేకపోతే మనిషి ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలి, తర్వాత వచ్చినది సర్వీసు వల్ల కాదని అనాలంటే బోర్డు కారణం రాయాలి అని కోర్టు చెప్పింది. కారణం లేని బోర్డు అభిప్రాయాన్ని అలాగే మింగేయక్కర్లేదు అన్నది దాని సారం. తర్వాత వచ్చిన ఎన్నో తీర్పుల్లో దీన్నే పట్టుకున్నారు.

మీవారు 2020లో వచ్చారు కాబట్టి ఆయనకి వర్తించేవి 2008 నాటి ఎంటైటిల్‌మెంట్ రూల్స్, అంటే ఈ వైకల్య భాగం ఎవరికి రావాలో చెప్పే నిబంధనలు. వాటిలో కూడా మామూలుగా రుజువు చేసే భారం అడిగేవాడి మీద పెట్టలేదు. బయటికొచ్చిన 15 ఏళ్ల తర్వాత, కాగితాలు తగలబెట్టేశాక అడిగితేనే ఆ భారం వచ్చి మీద పడుతుంది. మీరు ఆ గడువులోపే ఉన్నారు. వాట్సాప్ గ్రూపుల్లో "కొత్త రూల్స్ వచ్చాయి, ఇక అందరికీ బంద్" అని తిరిగేది 2023 సెప్టెంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వాటి గురించి. అవి ఆ తేదీ నుంచి బయటికొచ్చినవాళ్లకి. వాటికీ మీకూ సంబంధం లేదు.

ఇంత చెప్పానని గెలుపు ఖాయం అనుకోకండి. మీవారికి చిన్నప్పుడు చెవిలో చీము కారేదా? చేరిన రోజు మెడికల్ కాగితంలో చెవి గురించి ఏమైనా రాశారా? మధ్యలో ఏటా జరిగే మెడికల్ పరీక్షల్లో వినికిడి ఏ ఏడాది తగ్గినట్టు రాశారు? రికార్డులో వేరే కారణం కనిపిస్తే కథ మారుతుంది. ఇంకొకటి, సైనికుల కేసులు వినే ట్రిబ్యునల్ కొన్నిసార్లు మళ్లీ మెడికల్ బోర్డు పెట్టమంటుంది. 20 శాతం అన్నది సరిగ్గా గడప మీద ఉన్న అంకె, అంతకంటే తగ్గితే ఈ భాగం రాదు. కొత్త బోర్డు 15 అంటే ఆ గడప దాటలేరు. అలా జరిగే అవకాశం తక్కువే అని నా అభిప్రాయం, కానీ తెలిసి దిగడం మంచిది.

డబ్బు లెక్క చెప్తాను, ఎందుకంటే ఆ ఏజెంటు చెప్పి ఉండడు. నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం ఇస్తారు. 20 శాతానికైతే 6 శాతం వస్తుంది. కానీ 'రౌండింగ్' అని ఒకటి ఉంది. 20 నుంచి 50 లోపు ఉన్న వైకల్యాన్ని 50గా లెక్కేస్తారు. మొదట్లో ఇది మధ్యలో జబ్బు వల్ల ఇంటికి పంపేసినవాళ్లకే ఇచ్చేవారు. పూర్తి సర్వీసు చేసి వచ్చినవాళ్లకీ ఇవ్వాలని 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే 6 శాతం కాదు, 15 శాతం. చివరి జీతం లెక్క 45,000 అనుకుందాం. నెలకి 2,700 కాదు, 6,750 వస్తుంది. మీద డీఆర్ (ధరలతో పాటు పెరిగే కరువు భత్యం) వేరే. మీ అమ్మాయి హాస్టలు ఖర్చుతో పోల్చి చూసుకోండి.

ఇక టైం. రెండో అప్పీలు పోయాక ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కి వెళ్లడానికి ఆరు నెలలు గడువు. అది ఎప్పుడో దాటింది. కానీ తలుపు మూసేయలేదు. ఆలస్యాన్ని క్షమించమని వేరే దరఖాస్తు పెట్టాలి, కారణం చెప్పాలి. పెన్షన్ నెలనెలా రావలసినది కాబట్టి రాని ప్రతి నెలా కొత్త నష్టమే అని కోర్టులు చూస్తాయి. అయితే దానికి ధర ఉంది. 2008లో తర్సేమ్ సింగ్ కేసు అని ఒకటి. ఆయన 1983లో ఇంటికొచ్చి 1999లో కోర్టుకెళ్లాడు. పెన్షన్ ఇవ్వమన్నారు గానీ బకాయి మాత్రం కేసు వేసిన రోజుకి వెనక మూడేళ్లకే పరిమితం చేశారు. చాలా కేసుల్లో ఈ లెక్కే నడిచింది. అంటే ఇప్పటికే ఆ కాగితం ట్రంకులో ఉన్నందుకు కొంత బకాయి పోయి ఉండవచ్చు. ఇక మీదట ఆగే ప్రతి నెలకీ వెనక ఒక నెల రాలిపోవచ్చు. ఇది ఆయన మీద నెపం వెయ్యడానికి చెప్పడం లేదు, మీరిద్దరూ కూర్చుని నిర్ణయించేటప్పుడు ముందుండాల్సిన విషయం కాబట్టి చెప్తున్నాను. ప్రధానమంత్రికి, రాష్ట్రపతికి మళ్లీ మళ్లీ అర్జీలు రాయమని కొందరు చెప్తారు. వాటివల్ల గడువు పెరగదు, నెలలు మాత్రం పోతాయి.

ఇప్పుడు ఆయన దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఆపిన సంగతి ఒకటుంది. ఆర్మీ మీద కేసా అని అరిచిన మనిషే ఒకసారి కాదు, రెండుసార్లు అప్పీలు చేశారు. అడగడమే ఇష్టం లేనివాడు అలా చెయ్యడు. అడిగారు, కాదన్నారు. మళ్లీ అడిగారు, మళ్లీ కాదన్నారు. ఆ తర్వాత పుట్టిందే ఈ "నాకెందుకు ఆ డబ్బు" అన్న మాట. నా దగ్గరికి వచ్చే చాలామంది సుబేదార్లు, హవల్దార్లు ఇదే అంటారు, చెయ్యి పైకెత్తి మరీ అంటారు.

కాళ్లూ చేతులూ పోయినోళ్ల డబ్బు అన్న మాటకి మాత్రం సూటిగా జవాబుంది. యుద్ధంలో గాయపడ్డవాళ్లకి ఇచ్చేది వార్ ఇంజురీ పెన్షన్. అది వేరే పద్దు, రేటు కూడా దీనికి రెట్టింపు. మీవారు ఇది తీసుకుంటే ఆ పద్దులోంచి ఒక్క రూపాయి తగ్గదు. ఇంకో భయం కూడా ఆయన మనసులో ఉందేమో చూడండి. గోడౌన్‌లో సెక్యూరిటీ పని చేస్తున్నారని రాశారు. చెవుడని కాగితం మీద పడితే ఆ పని పోతుందని అనుకుంటున్నారేమో. వేరే జీతం వస్తోందని ఈ డబ్బు ఆపరు. గోడౌన్ యజమానికి ట్రిబ్యునల్ కాగితాలు ఎవరూ పంపరు. అయినా రాత్రి గేటు దగ్గర లారీ హారన్ వినబడకపోతే, పెన్షన్ ఉన్నా లేకపోయినా ఆ యజమాని పట్టేస్తాడు కదా. కాబట్టి కేసు సంగతి తేలకముందే చెవులు చూపించండి. ఇసిహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉంటే పాలిక్లినిక్‌కి వెళ్లి ఆడియోగ్రామ్ తీయించండి, వినికిడి యంత్రం రాయించుకోవచ్చు. దానికి ఎవరి తీర్పూ అక్కర్లేదు.

మాట్లాడేటప్పుడు ఆయన ఎదురుగా, వెలుతురులో కూర్చుని మాట్లాడండి. వంటింట్లోంచి అరిస్తే మీ గొంతులో కోపం ఒక్కటే ఆయనకి అందుతుంది, మాటలు అందవు. నా మిత్రుడు ఒకతనికి ఇంట్లో ఇదే గొడవ. భార్య చివరికి పాత కాపీ పుస్తకం తీసి రాసి చూపించడం మొదలుపెట్టింది. మొదట విసుక్కున్నాడు, తర్వాత అతనే కింద జవాబులు రాసేవాడు.

మీ ముందున్న దారులు చూద్దాం. ఒకటి, వదిలేయడం. ఇది తప్పేమీ కాదు. ఆయన అంతా విని, లెక్క చూసి, అప్పుడు కూడా వద్దంటే అది ఆయన హక్కు. కానీ 2022 ఉత్తరం దాచి వదిలేయడం వేరు, తెలుసుకుని వదిలేయడం వేరు. రెండోది చేస్తే ఇంట్లో కనీసం పోట్లాట ఉండదు.

రెండు, ట్రిబ్యునల్‌కి వెళ్లడం. ఒడిశాలో ఉన్నవాళ్లకి కోల్‌కతా బెంచి, ఆంధ్రాలో ఉన్నవాళ్లకి చెన్నై. రిటైరైన మనిషి తాను మామూలుగా ఉండే చోటి బెంచిలో వేసుకోవచ్చు. మన సరిహద్దు ఊళ్లలో ఇది చిత్రంగానే ఉంటుంది. పాతపట్నానికి నడిచి వెళ్లి కూరగాయలు తెచ్చుకుంటాం, ట్రిబ్యునల్ మాత్రం ఏకంగా ఇంకో నగరానికి మారిపోతుంది. కానీ ఆధార్, స్పర్శ్, బ్యాంకు అన్నీ పర్లాకిమిడి అడ్రసుతో ఉన్నప్పుడు పుట్టింటి అడ్రసు పెట్టకండి. నిజంగా అక్కడికి కాపురం మారితే అది వేరే సంగతి. అబద్ధపు అడ్రసుతో మొదలైన కేసులో అవతలి లాయరు మొదట పట్టుకునేది అదే. కోల్‌కతా అంటే భయపడక్కర్లేదు. పలాసలో హౌరా రైళ్లు ఆగుతాయి. అదీకాక ప్రతి వాయిదాకీ ఆయన వెళ్లనక్కర్లేదు, లాయరు హాజరైతే సరిపోతుంది. ఎన్నాళ్లు పడుతుందో నేను చెప్పలేను. గెలిచాక కూడా ఆర్డరు అమలు చేయమని మళ్లీ దరఖాస్తు పెట్టాల్సి రావచ్చు. సర్కారు పై కోర్టుకు వెళ్లవచ్చు. 2023 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ట్రిబ్యునల్ ఆర్డర్ల మీద హైకోర్టుకు కూడా వెళ్లే దారి ఉంది, అది మీకూ ఉంది, వాళ్లకీ ఉంది. ఓపిక లేకపోతే మొదలుపెట్టకండి.

మూడోది నాకు నచ్చేది. కేసు వేయాలా వద్దా అన్నది పక్కన పెట్టి, ముందు కాగితాలు తెప్పించుకోవడం. కాగితం అడగడం ఆర్మీ మీద కేసు కాదు. దీనికి ఆయన ఒప్పుకునే అవకాశం ఎక్కువ. అర్జీ ఆయన పేరుతోనే, ఆయన సంతకంతోనే వెళ్లాలి. కాగితాలు వచ్చాక ఒక లాయరుకి చూపించండి. డబ్బులు లేవని ఆగకండి. సైనికుల కుటుంబాలకు ఉచిత న్యాయ సహాయం కోసం 2025 జూలైలో నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టింది, సైనిక్ బోర్డుల ద్వారా నడుస్తుంది. మీకు దగ్గరలో ఉన్న జిల్లా సైనిక్ బోర్డులో అడగండి. ఒడియాలో అడగడానికి మీకు ఇబ్బందైతే మీవారు హిందీలో అడగగలరు, అక్కడ కూర్చునేవాళ్లూ మాజీ ఫౌజీలే ఎక్కువ.

ఏజెంటు బాండు పేపరు సంగతి. లాయరు ఎవరైనా సరే, కేసు గెలిస్తే వచ్చినదాంట్లో వాటా అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం కుదరదు. ఇక ముందు రాబోయే పెన్షన్‌ని ఇంకొకరికి రాసిచ్చే ఒప్పందం 1871 నాటి పెన్షన్ల చట్టం ప్రకారం చెల్లదు. కాబట్టి ఆ బాండుకి కోర్టులో విలువ లేదు, మిమ్మల్ని భయపెట్టడానికి మాత్రం పనికొస్తుంది. స్పర్శ్ పాస్‌వర్డు, ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ఇప్పటికే చెప్పి ఉంటే ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు మార్చేయండి.

ఆర్టీఐ అర్జీలో అడగాల్సినవి: రిలీజ్ మెడికల్ బోర్డు కాగితాల పూర్తి నకలు, అందులో కమాండింగ్ ఆఫీసరు రాసిన భాగం తప్పకుండా, చేరిన రోజు మెడికల్, ఏటా జరిగిన మెడికల్ పరీక్షల్లో వినికిడి వివరాలు, రెండు అప్పీళ్ల మీద కమిటీ రాసుకున్న కారణాలు. ఫీజు 10 రూపాయల పోస్టల్ ఆర్డరు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోండి. 2022 ఉత్తరం వచ్చిన కవరు కూడా పారేయకండి. దాని మీద పర్లాకిమిడి పోస్టాఫీసు ముద్ర ఉంటుంది, అది మీ చేతికి ఏ రోజు వచ్చిందో చెప్పేది అదొక్కటే.